తిరగేసి అతికిన చెయ్యి

మా ఇంట్లో ఎవరైనా గొప్పలు పోతే "ఆహా, అత్త చెయ్యి" అంటాం. ఆఫీసంతా తన చేతుల మీదే నడుస్తోందని తమ్ముడు కోతలు కోసినా అదే మాట, క్లాసులో తనకొచ్చినంత బాగా ఇంకెవరికీ రాదని నా కూతురు అన్నా అదే మాట. నలభై రెండేళ్ళుగా చెల్లుబాటవుతోంది. దాన్ని పుట్టించింది మా నాన్న. అందరికంటే ఎక్కువ వాడింది నేను. ఈ సంగతి నేనే ముందు ఒప్పేసుకుంటున్నాను, తర్వాత ఎవరూ నన్ను వేలెత్తి చూపక్కర్లేదు.

అత్త అంటే మా మేనత్త, నాన్న చెల్లెలు. ఎడమచేతి వాటం. చిన్నప్పుడు నాకు నోరు తిరక్క పుర్రచెయ్యి అత్తని పుర్రత్తని చేశాను, ఇప్పటికీ అదే పిలుపు. పెళ్ళి చేసుకోలేదు. మా పక్క వీధిలో రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. డెబ్బై ఆరేళ్ళొచ్చాయి. వయసులో ఉన్నప్పుడు పద్దెనిమిదేళ్ళు ఒక చిత్రకారుడి దగ్గర పనిచేసింది. ఆయన్ని ఊరంతా పెద్దాయన అనేది. రంగులు నూరడం, కాన్వాసు బిగించడం, కుంచెలు కడగడం అత్త పని. కనీసం మాకు తెలిసినంతవరకు అదే.

పెద్దాయన పోయినప్పుడు సంతాప సభలో ఒక సినిమా వేశారు. ఆయన మీద ఎవరో తీసిన ఇరవై నిమిషాల మూకీ సినిమా. అది వేసింది సినిమా హాల్లో ఆపరేటర్‌గా ఉన్న మా నాన్న. అందులో మధ్యలో రెండు నిమిషాలు మొహం కనపడదు, ఒక చెయ్యి మాత్రం కనపడుతుంది. సూదిలో దారం ఎక్కిస్తున్న పిల్ల బొమ్మకి ఆ చెయ్యి బుగ్గ దిద్దుతుంది, జడ వేస్తుంది. పెద్దాయనకి పేరు తెచ్చిన బొమ్మ అది. ఆ రోజు సభ నుంచి ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా అత్త అంది, "అన్నయ్యా, అది నా చెయ్యి. ఆయనకి అప్పుడు నిచ్చెన మీంచి పడి మణికట్టు విరిగింది. బొమ్మ ఇవ్వాల్సిన రోజు దగ్గరపడింది, ఆయన పక్కన కూర్చుని చెప్తుంటే నేను వేశాను."

నాన్న నవ్వాడు. "నీది పుర్రచెయ్యి కదే. తెర మీద కుడిచెయ్యి కనపడుతుంటే నీదెట్లా అవుతుంది?"

అత్త తన చెయ్యి వంక చూసుకుంది. నాకప్పుడు పన్నెండేళ్ళు, ఎక్కిళ్ళొచ్చేదాకా నవ్వాను.

ఇప్పుడు నేనూ ఆపరేటర్నే. నాన్న దగ్గరే నేర్చుకున్నాను. ఆ హాలు మూసేశాక మ్యూజియంలో తొంభై సీట్ల చిన్న హాలుంటే అందులో చేరాను. ఎక్కువగా బటన్ నొక్కే ఉద్యోగం. ఎవడైనా నొక్కొచ్చు. కానీ ఈ ఏడు పెద్దాయన బొమ్మలతో ప్రదర్శన పెట్టారు. దానితోపాటు శనివారం సాయంత్రం నాలుగింటికి ఆ పాత సినిమా వెయ్యాలని, అదీ కాపీ కాదు, అసలు రీలే వెయ్యాలని ప్రదర్శనలు చూసుకునే మా క్యూరేటరమ్మ పట్టుబట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది. మూల పడున్న ప్రొజెక్టర్‌కి నూనె పెట్టి, బెల్టు మార్చి, వారం రోజులు దానితోనే కాపురం చేశాను.

ఈలోగా ఇంట్లో ఒక గొడవ. పోయిన నెల అత్త స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోయింది. మూడు రోజుల తర్వాత తాళంచెవి చేతిలోనే పెట్టుకుని ఇల్లంతా వెతికింది. ఆ మాటకొస్తే కళ్ళజోడు తల మీద పెట్టుకుని నేనూ వెతుకుతాను. కానీ తమ్ముడికి కంగారెక్కువ. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు, నేనూ వెళ్ళాను. ఇంకేమైనా తేడాగా మాట్లాడుతున్నారా అని డాక్టర్ అడిగితే వీడు, "ఒక పేరున్న చిత్రకారుడి బొమ్మ తనే వేశానంటుంది డాక్టర్ గారూ, ఎప్పట్నుంచో," అన్నాడు. డాక్టర్ ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు. అత్త ఆ పెన్ను వంకే చూస్తూ కూర్చుంది. నేను నోరు మెదపలేదు. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

బయటికి రాగానే, నెలాఖరుకి ఆ ఇల్లు ఖాళీ చేసి తనింటికి వచ్చేయాలని తమ్ముడు తేల్చేశాడు. ప్రేమతోనే. వాడి ప్రేమ ఎప్పుడూ ఇట్లాగే మెడ పట్టుకుని లాక్కెళ్తుంది.

మర్నాడు అత్త నాతో అంది, "శనివారం నన్నూ తీసుకెళ్ళవే. మళ్ళీ ఒక్కసారి చూడాలి."

"ఏముందత్తా చూడ్డానికి, అదే సినిమా."

"సినిమా కోసం కాదు. నా బుర్రలో ఉన్నది నిజమో, నేను అల్లుకున్నదో తేలాలి. ఆ చెయ్యి నాది కాదని నాకే అనిపించిందనుకో, మీ తమ్ముడు ఎక్కడ ఉండమంటే అక్కడ ఉంటాను. గొడవ చెయ్యను." కూరగాయలు కోస్తూ మామూలుగానే అంది.

శుక్రవారం మధ్యాహ్నం రీలు చేతికొచ్చింది. మిషన్‌కి ఎక్కించే ముందు రీలంతా వేళ్ళ మధ్య నుంచి పోనివ్వాలి. ఎక్కడ చిరిగిందో, ఎక్కడ అతుకు వదులైందో కంటికంటే ముందు వేళ్ళకి తెలుస్తుంది. ఫిల్ముకి ఒకవైపు నున్నగా మెరుస్తుంది, రెండోవైపు మసగ్గా ఉంటుంది. ఆ మసక వైపే బొమ్మ ఉండేది. రీలు మొత్తం మసక ఒకేవైపు ఉండాలి, అది మా పనిలో ఓనమాలు.

సగం రీలు పోయాక ఒక అతుకు తగిలింది. ఆ అతుకు దాటాక నా బొటనవేలి కింద మసకగా ఉన్నది నున్నగా అయిపోయింది. ఇదేమిటని ఆపాను. దీపం కింద పెట్టి చూశాను. ఆ ముక్క తిరగబడి ఉంది. యాభై అడుగులు పోయాక ఇంకో అతుకు, అక్కడినుంచి మళ్ళీ మామూలే.

ఎవరో అడ్డగాడిద అతికాడని పైకే తిట్టాను. తిట్టాక అతుకు కేసి సరిగ్గా చూశాను. అంచు దగ్గర మూల కొంచెం కోసి ఉంది. పళ్ళచక్రంలో తగులుకోకుండా ఉంటుందని నాన్న ప్రతి అతుక్కీ అలా మూల కోసేవాడు. ఆ పని ఇంకెవరూ చెయ్యరు, నేను తప్ప.

ముప్ఫై ఏళ్ళలో మా నాన్న ఒక్క అతుకు తప్పు వెయ్యలేదని మ్యూజియంలో నేను చెప్పని మనిషి లేడు. ఊడ్చేవాళ్ళకి కూడా చెప్పాను.

రీలు ఎక్కించి వేశాను. ఆ ముక్క రాగానే బొమ్మ అలుక్కుపోయింది. ఫోకస్ తిప్పితే సర్దుకుంది. ముక్క అయిపోగానే మళ్ళీ అలుక్కుపోయింది. బొమ్మ ఉన్న మసక వైపు లెన్సుకి అటుపక్కకి పోయిందిగా మరి. కాపీలో ఆ చోటు మసగ్గా ఉంటే, ఆ కెమెరా ఆయనకి కళ్ళు కనపడవనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. వెనక్కి చుట్టి మళ్ళీ వేశాను. తెర మీద పిల్ల కుడివైపు చూస్తోంది. మిషన్ ఆపి, మెట్లు దిగి, ప్రదర్శన హాల్లోకి పరుగెత్తాను. గోడ మీద అసలు బొమ్మ ఉంది. అందులో పిల్ల ఎడమవైపు చూస్తోంది.

ఫిల్ము తిరగేస్తే కుడి ఎడమవుతుంది. పిల్ల మొహం తిరిగిపోయినట్టే చెయ్యీ తిరిగిపోయింది. తెర మీద నలభై రెండేళ్ళుగా కుడిచెయ్యిగా కనపడుతున్నది ఎడమచెయ్యి.

నాకు ఆ రోజు గుర్తుంది. సంతాప సభలో నాన్న పక్కనే స్టూలు మీద కూర్చున్నాను. సినిమా మధ్యలో పాత అతుకులు రెండూ ఊడిపోయి ముక్క నేల మీద పడింది. హాల్లో ఈలలు. నాన్న చీకట్లో, చెమటలు కారుతుంటే, రెండు నిమిషాల్లో అతికేశాడు. "చూశావా, ఎంత చకచకా చేశానో," అన్నాడు నాతో. ఆ చకచకాలోనే ముక్క తిరగబడింది. తన చేత్తో చెల్లెలి చెయ్యి మార్చేసి, ఇంటికొచ్చి అదే చెయ్యి చూపించి ఆమెని నవ్వులపాలు చేశాడు. పాపం ఆయనకీ తెలీదు. పిల్ల బొమ్మ అప్పట్లో ఎవరో కొనుక్కుని ఇంట్లో పెట్టుకున్నారు, నాన్న దాన్ని ఎన్నడూ చూడలేదు. ఆ హాల్లో బల్ల మీద కూర్చుని ఏడ్చాను. కాపలా ఉన్నతను మంచినీళ్ళు తెచ్చిచ్చి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు.

క్యూరేటరమ్మ గదికి వెళ్ళి మొత్తం చెప్పాను. ఆమెకి ముప్ఫై అయిదేళ్ళుంటాయి, చదువుకున్న మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. నేను చెప్పేకొద్దీ ఆమె మొహంలో రంగు మారింది. ఎందుకో ఆమే చెప్పింది. సినిమాలో పిల్ల కుడికి, బొమ్మలో ఎడమకి చూడటం మీద ఆమె కేటలాగులో నాలుగు పేజీలు రాసింది. పెద్దాయన ముందు ఒకలా వేసి, రాత్రంతా మథనపడి, తెల్లారేసరికి పిల్ల చూపు మరల్చాడట. చివర్లో వీధి గుమ్మంలో నిలబడి కుడిచెయ్యి కోటు జేబులో పెట్టుకోవడం ఆయన నిరాడంబరత అట. అయిదొందల కాపీలు అచ్చయి కింద అమ్ముతున్నారు.

"ఆ జేబులో ఉన్నది నిరాడంబరత కాదమ్మా," అన్నాను. "కట్టు."

ఆమె నవ్వలేదు. "అది పాత వస్తువు ఆపరేటర్ గారూ. దాన్ని కోసి మళ్ళీ అతకడానికి నేను ఒప్పుకోలేను. పై నుంచి అనుమతి రావాలంటే రెండు నెలలు."

"నేను కోస్తానన్నానా? దీనికి రెండంచులా చిల్లులున్నాయి. రీలు మొత్తం ఒక మెలిక తిప్పి చుట్టి ఎక్కిస్తాను. మిగతాదంతా తిరగబడుతుంది, ఆ రెండు నిమిషాలు మాత్రం సరిగ్గా పడుతుంది. కత్తెర ముట్టుకోను. రేపు ముందు ఉన్నదున్నట్టు వేద్దాం. తర్వాత తిరగేసి వేద్దాం. చూసినవాళ్ళే చెప్తారు."

"నాకు చదువు చెప్పినవాళ్ళు, పత్రికలవాళ్ళు వస్తున్నారు. నా పరువేం కాను?"

నాకు ఒళ్ళు మండింది. "మీ నాలుగు పేజీల పరువుకే ఇట్లా అయిపోతున్నారు. మా అత్తకి నలభై రెండేళ్ళ నుంచి పరువే లేదు. మేమే లేకుండా చేశాం." గొంతు లేచింది, తగ్గించుకున్నాను. "రేపు పోయేది మీ పరువొక్కటే కాదు. అందరి ముందూ మా నాన్న తప్పని నా నోటితో చెప్పాలి. అది నాకు మాత్రం సులువా?"

ఆమె లేచింది. ఒక్కతే ప్రదర్శన హాల్లోకి వెళ్ళింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఫోనులో సినిమా కాపీ ఆపి, దాన్ని కుడి ఎడమ తిప్పి, బొమ్మ పక్కన పట్టుకుంది. ఎంతసేపు పట్టుకుందో, చెయ్యి నొప్పి పుట్టి ఉంటుంది. చివరికి నా వైపు తిరిగింది.

"జడలో పాయలు కూడా సరిపోయాయి," అంది. "నాలుగు పేజీలూ నీళ్ళపాలు." తర్వాత ఒక కుర్చీ లాక్కుని కూర్చుని, "మీ అత్తగారికి ముందు వరసలో సీటు పెట్టించండి. మెట్లు ఎక్కగలరా?" అని అడిగింది. ఆ క్షణం నుంచి ఆ పిల్లంటే నాకు గౌరవం.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్తే అత్త ముందే నా మాట నమ్మి కూర్చుంటుంది, లేదా ఓదార్పుకి చెప్తున్నాననుకుంటుంది. తన కళ్ళతోనే చూడాలి.

శనివారం నాలుగింటికి హాలు నిండింది. తమ్ముడు అత్తని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఉతికిన చీర కట్టుకుని, పర్సు ఒళ్ళో పెట్టుకుని, పరీక్షకి వచ్చినట్టు కూర్చుంది. నేను పైన గదిలోంచి చూస్తున్నాను.

మొదటిసారి ఉన్నదున్నట్టు వేశాను. పెద్దాయన వచ్చాడు, బొగ్గుతో గీశాడు, టీ తాగాడు. చెయ్యి వచ్చింది. కుడిచెయ్యి. పిల్ల కుడికి చూసింది. గాజు కిటికీలోంచి అత్త తల కనపడుతోంది. ఆ రెండు నిమిషాలూ కదల్లేదు. సినిమా అయ్యాక లైట్లు వేస్తే తమ్ముడి వైపు వంగి ఏదో అంది. "పద, పోదాం. నాది కాదు," అందని వాడు నాకు తర్వాత చెప్పాడు. వాడు లేవబోయాడు కూడా.

నేను మెట్లు రెండేసి చొప్పున దిగి తెర ముందుకి వచ్చాను. క్యూరేటరమ్మ మైకు ఇచ్చింది. నాకు అలవాటు లేని పని.

"కూర్చోండి, ఇంకా అవలేదు," అన్నాను. "ఈ సినిమా మొదటిసారి వేసింది మా నాన్న. మంచి పనివాడు. కానీ ఆ రోజు రీలు తెగింది, తొందరలో ఒక ముక్క తిరగేసి అతికాడు. తప్పు ఆయనదే. అప్పట్నుంచి అందరూ తిరగబడిందే చూస్తున్నారు. ఇప్పుడు రీలు తిప్పి వేస్తాను. మిగతాదంతా కుడి ఎడమగా కనపడుతుంది, పట్టించుకోకండి. చెయ్యి వచ్చినప్పుడు చూడండి."

క్యూరేటరమ్మ మైకు తీసుకుని, "కేటలాగులో పన్నెండో పేజీ నుంచి పదిహేనో పేజీ దాకా నేను రాసింది తప్పు," అని మాత్రం అని కూర్చుంది. వెనకెవరో నవ్వారు, వెంటనే ఆపేశారు.

మళ్ళీ వేశాను. ఫోకస్ మీద చెయ్యి వేసి కాచుకున్నాను. అతుకు దాటింది. తిప్పాను. తెర మీదికి ఎడమచెయ్యి వచ్చింది.

నాకు ఇక రుజువులు అక్కర్లేకపోయింది. చిటికెనవేలు కాన్వాసుకి ఆనించి, మణికట్టు పైకెత్తి, కుంచె కొంచెం వెనకాల పట్టుకునే ఆ చెయ్యి నాకు జ్వరమొస్తే మందు పట్టిన చెయ్యి. నా పుస్తకాలకి అట్టలు వేసిన చెయ్యి. తిరగబడి ఉన్నంతకాలం ఎవరిదో పరాయి చెయ్యిలా ఉంది, సరిగ్గా పడేసరికి ఇంట్లో మనిషైపోయింది. పిల్ల ఎడమకి చూస్తోంది, గోడ మీద ఉన్నట్టే.

కింద తమ్ముడు తెర వంక చూడటం మానేశాడు. పక్కన అత్త ఒళ్ళో ఉన్న చెయ్యి వంక చూస్తున్నాడు.

సినిమా అయిపోయాక ఎవరూ లేవలేదు. నేను కిందికి వెళ్ళేసరికి తమ్ముడు అత్త ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు, ఇస్త్రీ ప్యాంటుతోనే. "డాక్టర్ దగ్గరికి మళ్ళీ వెళ్దాం అత్తా. ఆ కాగితం మీద రాసింది కొట్టేయిస్తాను," అంటున్నాడు.

"పాలు పొంగబెట్టిన మాట నిజమేగా, అది ఉంచమను," అంది అత్త. "ఇల్లు మాత్రం ఖాళీ చెయ్యను."

క్యూరేటరమ్మ వచ్చి అత్త పక్కన కూర్చుంది. "ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పాను. వీళ్ళ నాన్నకి చెప్పాను. కుడిచెయ్యి కదా అన్నాడు. అది చాలదన్నట్టు, నేను వేసిన పిల్ల ఇటు చూసేది, తెర మీద అటు చూస్తోంది. ఇంక ఏ మొహం పెట్టుకుని వాదించను? రాను రాను నాకే అనుమానం వచ్చింది. రంగులు నూరీ నూరీ, నేనే వేశానని కల కన్నానేమో అనుకున్నాను." ఆగింది. "కల కాదు. అంతే చాలు."

"నన్ను క్షమించత్తా," అన్నాను. "అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే."

"నవ్వావు. నాకు గుర్తుంది," అంది. నా తల తీసేసినట్టయింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. "మీ నాన్న ఉంటే ఇప్పుడు వాడి మొహం చూసేదాన్ని. అది ఒక్కటే కొరత."

జనం నెమ్మదిగా ప్రదర్శన హాలు వైపు కదులుతున్నారు, గోడ మీద బొమ్మ మళ్ళీ చూడటానికి. అత్తని కూడా తీసుకెళ్దామని లేచాను. ఆమె లేవలేదు. తెల్లగా ఖాళీగా ఉన్న తెర వంక చూస్తోంది.

"ఇంకోసారి వెయ్యవే," అంది.

"అలసిపోయావు, ఇంటికెళ్దాం. చూశావుగా."

"ఏం చూశాను? నలభై రెండేళ్ళ నుంచి ఆ చెయ్యి ఎవరిదా అనే చూస్తున్నాను. ఇప్పుడూ అదే చూశాను. బుగ్గ మీద రంగు ఎట్లా వేశానో, జడ ఎక్కడ మొదలుపెట్టానో ఒక్కసారి కూడా చూసుకోలేదు." పర్సు తీసి పక్క సీట్లో పెట్టి, వెనక్కి ఆనుకుని కూర్చుంది. "నా పని నన్ను చూసుకోనీ."

నేను రీలు వెనక్కి చుట్టడానికి పైకి వెళ్ళాను.